ముప్ఫై లీటర్ల నీళ్లు, ఒక కాగితం

(అనంతపురంలో జరిగిన ఒక సాయంత్రపు సమావేశంలో చేసిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినవారి కోసం రికార్డింగ్ విని టైప్ చేశాం. తడబాట్లు మాత్రం తీసేసి, మాట తీరు అలాగే ఉంచాం.)

అందరికీ నమస్కారం. ముందు వరుసలో మా హైస్కూలు మాస్టార్లు ఇద్దరు కూర్చున్నారు. సార్, మీ ముందు మైకు పట్టుకుంటే నాకు ఇప్పటికీ టెన్షనే. తప్పులుంటే చివర్లో చెప్పండి సార్, మధ్యలో మాత్రం ఆపకండి.

నేను అడిలైడ్‌కి వెళ్లి పందొమ్మిదేళ్లయింది. అడిలైడ్ అంటే ఆస్ట్రేలియాలో దక్షిణం వైపు, సముద్రం ఒడ్డున ఉన్న ఊరు. అక్కడ అకౌంట్స్ ఉద్యోగం చేస్తాను. విమానం నడపడం నా ఉద్యోగం కాదు, నేర్చుకున్న విద్య. నలభై ఒకటో ఏట లైసెన్సు వచ్చింది. 2025 జులైలో మా తమ్ముణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని, ఒక చిన్న విమానంలో అడిలైడ్ నుంచి ఆ దేశం నడిమధ్యన ఉన్న ఊలూరు దాకా వెళ్లి వచ్చాను. ఊలూరు అంటే ఆ ఎర్రటి పెద్ద కొండ, ఫొటోల్లో చూసే ఉంటారు. చిన్న విమానం అంటే ఎంత చిన్నది? సెస్నా 172. నాలుగు సీట్లు, ఒకే ఇంజను, ముందు ఒక పంకా. లోపల మారుతీ కారంత చోటు ఉంటుంది.

ఊరికి వచ్చినప్పటి నుంచి అందరూ ఒకటే అడుగుతున్నారు, ‘భయం వేయలేదా?’ అని. వేసింది. కానీ ఆ భయమంతా బయలుదేరక ముందు నాలుగు నెలల్లోనే పడ్డాను. ఎనిమిది రోజుల ప్రయాణానికి నాలుగు నెలలు కాగితాల ముందు కూర్చున్నాను. ఈ రోజు మీకు చెప్పదలచుకున్నది ఆ నాలుగు నెలల సంగతే. కొండ ఎంత ఎర్రగా ఉందో చెప్పను, అది ఫొటోలో చూడొచ్చు.

ముందు ఆ నేల గురించి చెప్పాలి. మనకు ఏడాదికి ఎంత వాన పడుతుంది? సుమారు 550 మిల్లీమీటర్లు. దానికే మనం కరువు జిల్లా అంటాం. బోరు వేస్తే ఎన్ని అంగుళాలు పడ్డాయని ఊరంతా వచ్చి చూస్తాం. మేము వెళ్లిన చోట, ఐర్ సరస్సు చుట్టుపక్కల, ఏడాదికి 150 మిల్లీమీటర్లు కూడా పడదు. మనకు పడేదాంట్లో మూడో వంతు కంటే తక్కువ! ఊరికీ ఊరికీ మధ్య రెండొందల కిలోమీటర్లు ఉండొచ్చు. ఆ ఊరు కూడా మనం ఊరు అనుకునేది కాదు. విలియం క్రీక్ అని ఒక ఊరుంది. ఒక హోటలు, ఒక ఎయిర్‌స్ట్రిప్, నాలుగు షెడ్లు. కాపురం ఉండేవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. చుట్టూ ఉన్నది ఆనా క్రీక్ అనే పశువుల స్టేషన్. స్టేషన్ అంటే రైల్వే స్టేషన్ కాదమ్మా, పశువుల్ని మేపే భూమి. ప్రపంచంలోనే అతి పెద్ద పశువుల స్టేషన్ అని దానికి పేరు. మన పాత ఉమ్మడి అనంతపురం జిల్లా ఎంతో, ఇంచుమించు అంత భూమి ఒకటే కమతం అనుకోండి.

అలాంటి నేల మీద ఇంజను ఆగితే ఏమవుతుంది? దిగడం కష్టం కాదు. నిజంగా చెబుతున్నా, దిగడం కష్టం కాదు. చదునైన నేల చాలా చోట్ల దొరుకుతుంది. ఇంజను ఆగినా సెస్నా రాయిలా పడిపోదు, జారుతూ దిగుతుంది. ప్రాణంతో నేల మీదికి వస్తాం. ఆ తర్వాత? కష్టమంతా ఆ తర్వాతే.

ఇక్కడ మీకొక కథ చెప్పాలి. జరిగిన కథ. ఆలిస్ స్ప్రింగ్స్ అనే ఊళ్లో ఒక విమానం శిథిలాన్ని దాచిపెట్టారు. ఇనుప చట్రం తప్ప పెద్దగా ఏమీ మిగల్లేదు. దాని పేరు కూకబర్రా. అక్కడి ఒక పిట్ట పేరది. నేను దాని ముందు చాలాసేపు నిలబడ్డాను.

1929 మార్చి ఆఖరున చార్లెస్ కింగ్స్‌ఫర్డ్ స్మిత్ అనే ప్రసిద్ధ పైలట్ ‘సదరన్ క్రాస్’ అనే విమానంలో ఇంగ్లండుకు బయలుదేరి, ఆస్ట్రేలియా వాయవ్య మూల దారి తప్పి, ఒక బురద నేల మీద దిగిపోయాడు. దేశమంతా గగ్గోలు. ఆయన్ని వెతకడానికి కీత్ ఆండర్సన్, బాబ్ హిచ్‌కాక్ అనే ఇద్దరు కూకబర్రాలో బయలుదేరారు. కీత్ ఆండర్సన్ ఒకప్పుడు కింగ్స్‌ఫర్డ్ స్మిత్‌తో కలిసి పనిచేసినవాడే. ఏప్రిల్ 10న ఆలిస్ స్ప్రింగ్స్ నుంచి లేచారు. రేడియో లేదు. నీళ్లు చాలా కొద్దిగా పెట్టుకున్నారు. పనిముట్లు కూడా సరిగ్గా లేవు. కొంత దూరం టెలిగ్రాఫ్ లైను వెంట వెళ్లి, అక్కడి నుంచి దాన్ని వదిలేసి తనామీ ఎడారి మీదుగా అడ్డంగా తిరిగారు. ఇంజనులో ఒక రాడ్డు వదులైంది. దిగారు. బాగానే దిగారు! ఇంజను బాగు చేసుకున్నారు కూడా. కానీ కింద మెత్తటి ఇసుక, చుట్టూ పొదలు. మళ్లీ లేవడానికి సరిపడా దారి చదును చేసుకోవాలి. దేనితో చేస్తారు? నీళ్లు లేకుండా, ఆ ఎండలో, చేతులతోనా?

ఆండర్సన్ విమానం తోక మీది గుడ్డపై డైరీ రాసి పెట్టాడు. వాళ్లు దిగిపోయిన రెండు రోజులకు, ఏప్రిల్ 12న, సదరన్ క్రాస్‌లో వాళ్లంతా ప్రాణాలతో దొరికారు. ఎవరిని వెతకడానికి వెళ్లారో వాళ్లు క్షేమం. వెతకడానికి వెళ్లినవాళ్లు ఎక్కడున్నారో ఎవరికీ తెలియదు. ఏప్రిల్ 21న లెస్టర్ బ్రెయిన్ అనే పైలట్ పైనుంచి కూకబర్రాను చూశాడు. రెక్క కింద ఒక శవం కనిపించింది. ఆ విమానం ఆ ఎడారిలోనే ఉండిపోయింది. 1978లో డిక్ స్మిత్ అనే ఆయన పట్టుబట్టి వెతికి దాని అవశేషాలు కనిపెట్టాడు.

వాళ్లు చేతగానివాళ్లా? కాదు. మొదటి ప్రపంచ యుద్ధంలో ఎగిరిన పైలట్ ఆండర్సన్. ధైర్యవంతుడు, స్నేహితుడి కోసం ప్రాణం పణంగా పెట్టినవాడు. ఆయనను తప్పు పట్టే అర్హత నాకు లేదు. కానీ ఆ చట్రం ముందు నిలబడినప్పుడు నాకు ఒక్క మాటే తోచింది. ఎలా చేరాలో వాళ్లు ఆలోచించుకున్నారు. చేరకపోతే? ఆ ప్రశ్నకు మాత్రం తమ దగ్గర జవాబు లేకుండా బయలుదేరారు.

‘చేరకపోతే?’ ఈ మాటను ఈ రోజు చాలాసార్లు అంటాను, విసుక్కోకండి.

సరే, నా లెక్కలకు వస్తాను. మొదటి లెక్క బరువు. మా విమానం ఖాళీగా ఉన్నప్పటి బరువుకీ, అది లేవడానికి అనుమతించిన గరిష్ఠ బరువుకీ మధ్య తేడా సుమారు 390 కిలోలు. ఇందులోనే అన్నీ రావాలి. మనుషులు, పెట్రోలు, సామాను, అన్నీ. ట్యాంకులు నిండా పోస్తే వాడుకోగలిగింది సుమారు 200 లీటర్లు. విమానం పెట్రోలు, ఏవ్‌గ్యాస్ అంటారు, నీళ్లకంటే తేలిక. లీటరు 0.72 కిలో. అంటే 144 కిలోలు పోయింది. మిగిలింది 246. నేనూ తమ్ముడూ కలిసి 152 కిలోలు. మిగిలింది 94. విమానాన్ని నేలకు కట్టే తాళ్లు, మేకులు, ఇంజను ఆయిలు, పనిముట్లు, ప్రథమ చికిత్స పెట్టె, దుప్పట్లు కలిపి 20. మిగిలింది 74. బట్టలు 14. మిగిలింది 60. నీళ్లు 30 లీటర్లు, అంటే 30 కిలోలు. చివరికి మిగిలింది 30 కిలోలు.

ఇప్పుడు మా అమ్మాయి వచ్చి, ‘అమ్మా, వెనక రెండు సీట్లు ఖాళీయే కదా, నేనూ వస్తా’ అంది. పందొమ్మిదేళ్ల పిల్ల. బరువు 58 కిలోలు. మిగిలింది 30. అంటే 28 కిలోలు తీయాలి. ఏం తీయాలి? చెప్పండి. నీళ్లు తీయాలా? మనుషులు ఇద్దరు కాస్తా ముగ్గురయ్యాక నీళ్లు తగ్గించడమా! మరి పెట్రోలు తీయాలా? 28 కిలోలంటే 39 లీటర్లు. మా విమానం గంటకు సుమారు 36 లీటర్లు తాగుతుంది. అంటే గంట పైన ఎగిరే పెట్రోలు దింపేయాలి. అది మామూలు గంట కాదు, గాలి ఎదురైతే ఇంకో ఊరికి చేర్చే గంట. వారం రోజులు ఆ లెక్క మళ్లీ మళ్లీ వేశాను. మా తమ్ముడు ‘అక్కా, ఒక పదిహేను కిలోలు అటూ ఇటూ అయితే ఏమవుతుంది?’ అన్నాడు. ఏమీ కాకపోవచ్చు. కానీ అటూ ఇటూ అనుకోవడం మొదలుపెడితే ఎక్కడ ఆగుతాం? నా కూతురికి వద్దని చెప్పాను. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. ఆ పిల్లకు వేరే పని అప్పగించాను. అసలు ఈ ప్రయాణంలో అన్నింటికంటే పెద్ద పని అదే. దాని దగ్గరకు తర్వాత వస్తాను.

ముప్ఫై లీటర్ల నీళ్లు ఎందుకు? ఎవరో అడుగుతున్నారు... అవునన్నా, మనిషికి పదిహేను లీటర్లు. చలికాలంలో, నీడలో కదలకుండా కూర్చుంటే మూడు రోజులు నిశ్చింతగా గడుస్తుందని నా లెక్క. ఎండాకాలమైతే ఆ లెక్క చాలదు. మా నాన్న ఎండల్లో చేనికి వెళ్లేటప్పుడు అన్నం మరిచిపోయినా నీళ్ల క్యాను మరిచిపోయేవాడు కాదు. ఆ బుద్ధి అక్కడ పనికొచ్చింది. ఇంకో మాట, నీళ్లన్నీ ఒకే క్యానులో పోయలేదు. ఆరు క్యాన్లు, ఐదేసి లీటర్లు. ఒకటి పగిలినా ఐదు మిగులుతాయి.

రెండో లెక్క కాలం. జులైలోనే ఎందుకు వెళ్లాం? అక్కడ జులై చలికాలం. మే నెలలో మన రోడ్ల మీద గాలి ఎలా ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు కదా. వేడి గాలి పలచబడుతుంది. పలచబడిన గాలిలో రెక్కకు ఊతం తగ్గుతుంది, ఇంజనుకు బలం తగ్గుతుంది. ఆలిస్ స్ప్రింగ్స్ విమానాశ్రయం సముద్ర మట్టానికి సుమారు 1,790 అడుగుల ఎత్తున ఉంది. ఎండాకాలంలో 40 డిగ్రీలు ఉంటే, ఆ విమానానికి మాత్రం తాను 5,000 అడుగులకు పైన ఉన్నట్టే లెక్క. అదే రన్‌వే, అదే విమానం. కానీ లేవడానికి చాలా ఎక్కువ దూరం పరిగెత్తాలి, లేచాక కూడా ఎత్తుకు ఎక్కలేదు. అందుకే ఎండాకాలం ఆ వైపు వెళ్లకూడదని నిర్ణయించుకున్నాను. చలికాలంలో కూడా పొద్దున్నే ఎగిరేవాళ్లం. మధ్యాహ్నం అయ్యేసరికి నేల వేడెక్కి కుదుపులు మొదలవుతాయి. ఇక సాయంత్రమా, ఆ మాటే లేదు. పగటి వెలుతురులో నేలను చూస్తూ ఎగిరే లైసెన్సు నాది. వెలుతురు పూర్తిగా పోవడానికి కనీసం పది నిమిషాల ముందే దిగేలా ప్లాన్ చేసుకోవాలని అక్కడ నియమం. నా సొంత నియమం రెండు గంటలు. ఊళ్లే లేని చోట చీకటి పడితే కింద ఒక్క దీపం ఉండదు. నేల ఎక్కడ, ఆకాశం ఎక్కడ?

పెట్రోలు గురించి త్వరగా చెబుతాను. మ్యాపులో ‘ఇక్కడ ఏవ్‌గ్యాస్ దొరుకుతుంది’ అని రాసి ఉన్నంత మాత్రాన దొరుకుతుందని నమ్మకూడదు. ప్రతి చోటికీ ముందు రోజు ఫోన్ చేశాను. ఉందా? ఎన్ని లీటర్లు ఉంది? ఏ కార్డు తీసుకుంటారు? ఆదివారం ఎవరైనా ఉంటారా? ఒక చోట పంపు రిపేరులో ఉందని ఫోన్ చేస్తేనే తెలిసింది. అక్కడ ఆగాలన్న ప్లాను ఆ రాత్రే మార్చేశాను. ఫోన్ చేయకపోయి ఉంటే? అంతే, వేరే చెప్పనక్కర్లేదు.

ఇప్పుడు దారి. ఇది కాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే అందరూ నన్ను ‘ఆకాశంలో దారేమిటి, నేరుగా పోవచ్చు కదా’ అంటారు. అడిలైడ్ పక్కన పారాఫీల్డ్ అనే చిన్న విమానాల ఎయిర్‌పోర్ట్ నుంచి లేచి, ఫ్లిండర్స్ కొండల మీదుగా లీ క్రీక్. అది ఒకప్పుడు బొగ్గు గనుల ఊరు, 2015లో గని మూసేశారు. అక్కడి నుంచి విలియం క్రీక్. తర్వాత కూబర్ పీడీ, ఓపల్ రాళ్లు తవ్వే ఊరు. ఎండకు తట్టుకోలేక జనం భూమి లోపల ఇళ్లు తొలుచుకుని ఉంటారు. అక్కడి నుంచి ఊలూరు. ఈ చివరి ముక్క చూడండి. కూబర్ పీడీ నుంచి ఊలూరు పక్కనున్న ఎయిర్‌పోర్ట్‌కు నేరుగా గీత గీస్తే సుమారు 565 కిలోమీటర్లు. స్టువర్ట్ హైవే పట్టుకుని మార్లా, అక్కడి నుంచి ఎర్ల్‌డండా, అక్కడ పడమరకు తిరిగి వెళితే సుమారు 680. తేడా 115 కిలోమీటర్లు. అంటే అరగంట పైచిలుకు, ఇరవై లీటర్లు.

నేరుగా వెళ్లే దారి కింద ఏముంది? అనంగు ప్రజల భూమి. ఆ నేల అసలు హక్కుదారులు వాళ్లు. 1981లో చట్టం చేసి లక్ష చదరపు కిలోమీటర్లకు పైగా భూమిని వాళ్లకు తిరిగి అప్పగించారు. అనుమతి లేకుండా అక్కడ దిగకూడదు, తిరగకూడదు. పైన ఎగరడానికి అడ్డు లేదు, కానీ ఆపద వస్తే దిగేది కిందనే కదా. రోడ్లు తక్కువ, మనుషులు ఇంకా తక్కువ. హైవే మీద? గంటలో కొన్ని లారీలైనా పోతాయి. ఇంజను ఆగితే రోడ్డు పక్కన దిగుతాం, చెయ్యి ఊపితే లారీ ఆగుతుంది. మన హైవే మీద లారీ డ్రైవరన్న ఆగడా? అక్కడా ఆగుతాడు. 115 కిలోమీటర్లు ఎక్కువైనా హైవే పట్టుకున్నాను. కూకబర్రా టెలిగ్రాఫ్ లైను వదిలిందని చెప్పాను కదా. నా టెలిగ్రాఫ్ లైను స్టువర్ట్ హైవే.

సరే, మాట అందించడం. మా రేడియో కంటికి కనిపించే దూరం వరకే పనిచేస్తుంది అనుకోండి. ఐదు వేల అడుగుల ఎత్తులో ఉంటే సుమారు 160 కిలోమీటర్ల దాకా. కింద దిగితే? ఏమీ లేదు. సెల్‌ఫోనా? ఊరు దాటిన పది నిమిషాలకే సిగ్నల్ పోతుంది. అందుకని శాటిలైట్ ఫోను అద్దెకు తీసుకున్నాం. దానికి తోడు బీకన్. చేతిలో పట్టేంత పెట్టె. మీట నొక్కితే 406 మెగాహెర్ట్జ్ మీద ఉపగ్రహానికి సంకేతం పోతుంది, అక్కడి నుంచి కాన్‌బెర్రాలో ఉన్న రెస్క్యూ కేంద్రానికి. ఈ బీకన్‌ను మనుషులు ఎక్కడ పెట్టుకుంటారో తెలుసా? బ్యాగులో, వెనక సీట్లో, బట్టల కింద! విమానం తగలబడితే బ్యాగు ఎవరు తీస్తారు? నాది నా నడుముకు, తమ్ముడిది వాడి నడుముకు. స్నానానికి తప్ప తీయొద్దని చెప్పాను. ఇంకో మాట కూడా వాడి చేత పదిసార్లు చెప్పించాను. దిగిపోతే విమానం వదిలి నడవకూడదు. ఎంత దగ్గర్లో ఊరుందనిపించినా నడవకూడదు. వెతికేవాళ్లకు పైనుంచి తెల్లటి రెక్క కనిపిస్తుంది, పొదల మధ్య నడిచే మనిషి కనిపించడు.

ఇక సార్‌టైమ్. ఇది నాకు చాలా నచ్చిన ఏర్పాటు. బయలుదేరే ముందు, ‘ఫలానా టైముకల్లా నేను దిగి మీకు ఫోన్ చేస్తాను’ అని విమానయాన అధికారులకు నమోదు చేస్తాం. ఆ టైముకు ఫోన్ రాకపోతే వాళ్లు విచారించడం మొదలుపెడతారు, తర్వాత వెతకడం. అంటే బీకన్ పగిలిపోయినా, నాకు స్పృహ లేకపోయినా, నేను ఏమీ చేయలేకపోయినా, గడియారం నా కోసం వెతుకుతుంది. ఆలోచించండి, కూకబర్రాకు ఇలాంటిది ఉండి ఉంటే?

కానీ దానికి మన వైపు నుంచి ఒక బాధ్యత ఉంది. దిగగానే ఫోన్ చేసి రద్దు చేయాలి. మరిచిపోతే, క్షేమంగా ఉన్నవాళ్ల కోసం విమానాలు లేస్తాయి. నిజంగా ఆపదలో ఉన్న ఇంకొకరి దగ్గరికి పోవాల్సినవి. విలియం క్రీక్‌లో నేను ఆ తప్పు చేయబోయాను. ఆ ముందు గంట సరస్సు మీద ఎగిరి ఉన్నాం. ఐర్ సరస్సు, అక్కడి వాళ్ల భాషలో కటి తండా, మామూలుగా ఉప్పు పేరుకున్న ఎండు నేల. ఆస్ట్రేలియాలో అన్నిటికంటే పల్లపు చోటు, సముద్ర మట్టానికి పదిహేను మీటర్ల కింద. 2025లో ఎక్కడో క్వీన్స్‌లాండ్‌లో పడిన వానలకు, నెలల తరబడి నదుల్లో నడిచి నడిచి ఆ నీళ్లు సరస్సుకు చేరాయి. ఎడారి మధ్యన నీళ్లు, తెల్లటి పెలికాన్ కొంగలు! కరువు జిల్లాలో పుట్టినదాన్ని, ఆ నీళ్లు చూసి నాకు కళ్లు చెమర్చాయి.

అయితే ఆ అందంలోనే ఒక ప్రమాదం ఉంది. గాలి లేనప్పుడు నీళ్లు అద్దంలా ఉంటాయి, ఆకాశం అందులోనే కనిపిస్తుంది. ఎదురుగా నేలకీ ఆకాశానికీ మధ్య గీత చెరిగిపోతుంది. విమానం ఒరిగినా మన ఒంటికి తెలియదు. 2011 ఆగస్టులో అదే సరస్సు దగ్గర రాత్రి చీకట్లో లేచిన ఒక హెలికాప్టర్ కూలి ముగ్గురు చనిపోయారు, టీవీ వార్తల కోసం వెళ్లినవాళ్లు. అందుకే మేము సరస్సు నడిమధ్యకు వెళ్లలేదు. ఒడ్డు ఎప్పుడూ ఒక వైపు కనిపించేలా ఎగిరాం.

ఆ ఆనందంలో దిగి, విమానం కట్టి, టీ తాగుతూ కూర్చున్నాం. తమ్ముడు ఫొటోలు చూపిస్తున్నాడు. గడియారం చూస్తే సార్‌టైమ్‌కు ఎనిమిది నిమిషాలుంది! మా ఫోనులో సిగ్నల్ లేదు. శాటిలైట్ ఫోను విమానంలో ఉంది. పరిగెత్తాను. మూడు నిమిషాలు మిగిలి ఉండగా రద్దు చేశాను. ఆ రోజు నుంచి ఒక పద్ధతి పెట్టుకున్నాం. ఇంజను ఆపాక తలుపు తీసే ముందే ఫోన్. ఫోన్ అయ్యాకే కాలు కింద పెట్టడం.

ఇప్పుడు మా అమ్మాయి సంగతికి వస్తాను. సార్‌టైమ్‌తో పాటు ఇంట్లో ఒకరి దగ్గర కాగితం ఒకటి ఉంచాను. ఫ్లైట్ నోట్ అంటారు. ఏ రోజు ఎక్కడి నుంచి ఎక్కడికి, ఏ దారిన, ఎంత పెట్రోలుతో, ఎన్ని గంటలకు, విమానం రంగేమిటి, నంబరేమిటి, నీళ్లు ఎన్ని ఉన్నాయి, ఆలస్యమైతే ఎవరికి ఫోన్ చేయాలి. ఆ కాగితం ఎవరికిచ్చాను? వెనక సీట్లో చోటు లేదని చెప్పిన పిల్లకు. ఇలాంటివి అందరికీ ఇవ్వలేం. ‘ఆ, ఏదో పనిలో ఉన్నారేమోలే’ అనుకునేవాళ్లకు ఇవ్వకూడదు. ఫోన్ రాకపోతే నిమిషం ఆగకుండా అధికారులకు చేసేవాళ్లకే ఇవ్వాలి. నాతో రెండు రోజులు మాట్లాడని పిల్ల, ఆ కాగితం తీసుకుని ఒక్కో గీతా అడిగింది. ‘అమ్మా, ఇక్కడ గాలి ఎదురైతే ఎక్కడ దిగుతావు? రాయలేదే’ అంది. నిజమే, రాయలేదు. అప్పుడు రాశాను: ‘మార్లా దగ్గరికి పదిహేను నిమిషాల కంటే ఆలస్యంగా వస్తే, మార్లాలోనే దిగాలి. ముందుకు పోకూడదు.’

కూబర్ పీడీ నుంచి పొద్దున ఎనిమిదికి లేచాం. గంటకు 18 కిలోమీటర్ల ఎదురుగాలి ఉంటుందని వాతావరణ శాఖ చెప్పింది. ఆ లెక్కన 220 కిలోమీటర్ల దూరంలోని మార్లాకు 9:11కు రావాలి. దారిలోనే తెలుస్తోంది, కింద లారీలు మాకంటే పెద్ద వెనకబడటం లేదు. వెనక నుంచి చలిగాలుల మార్పు ఒకటి వస్తోంది, దాని ముందు వాయవ్యపు గాలి అనుకున్నదానికంటే గట్టిగా లేచింది. దుమ్ము కూడా మొదలైంది. మార్లా మీదికి వచ్చేసరికి 9:29. పద్దెనిమిది నిమిషాల ఆలస్యం.

ఇప్పుడు చూడండి. పెట్రోలు అయిపోయిందా? లేదు. ఆ గాలి అలాగే ఉంటే ఊలూరు చేరేసరికి ఇంకా 35 లీటర్లు మిగులుతుంది. చట్టం అడిగేది అరగంట నిల్వ, 18 లీటర్లు. చట్టం ప్రకారం నేను పోవచ్చు. ఊలూరులో హోటలు గది డబ్బు కట్టేశాం, తిరిగి రాదు. తమ్ముడు సూర్యాస్తమయం చూడాలని బెంగళూరు నుంచి వచ్చాడు. ‘అక్కా, మూడు నిమిషాలే కదా ఎక్కువ!’ అన్నాడు. వాడు అన్నది తప్పు కాదు, నా మనసులోనూ అదే ఉంది. కానీ పదిహేను నిమిషాలని నేను ఎప్పుడు రాశాను? ఇంట్లో, కుర్చీలో, చేతిలో టీ గ్లాసుతో, ఏ గదికీ డబ్బు కట్టకముందు రాశాను. అప్పటి బుర్ర నిదానంగా ఉంది. గాలిలో కుదుపుల మధ్య ఉన్న నా బుర్ర ఊలూరు చూడాలని తొందరపడుతోంది. ఇద్దరిలో ఎవరి మాట వినాలి?

ఒకసారి రన్‌వే మీదుగా తక్కువగా ఎగిరి పశువులు, కంగారూలు లేవని చూసుకుని దిగాను. ఇంజను ఆపాను. తలుపు తీయకుండా ముందు సార్‌టైమ్ రద్దు చేశాను. తర్వాత మా అమ్మాయికి చేశాను. నేను ‘హలో’ అనక ముందే, ‘మార్లాలో దిగారా అమ్మా?’ అంది. ఎలా తెలిసిందే అన్నాను. కాగితం ముందు పెట్టుకుని కూర్చుందట. నెట్‌లో గాలి చూస్తోందట. ‘గాలి పెరిగింది కదా, మార్లా అని నువ్వే రాశావు కదా’ అంది.

ఆ రాత్రి రోడ్డు పక్క మోటెల్‌లో ఉన్నాం. దుమ్ము రాత్రంతా కిటికీలకు కొడుతూనే ఉంది. మర్నాడు పొద్దున గాలి దక్షిణానికి తిరిగింది, ఎర్ల్‌డండా దాకా మమ్మల్ని వెనక నుంచి తోసింది. తమ్ముడు సూర్యాస్తమయం ఒక రోజు ఆలస్యంగా చూశాడు. ముప్ఫై లీటర్ల నీళ్లలో ఒక్క చుక్క కూడా అవసరం పడలేదు, తిరిగి వచ్చాక పారాఫీల్డ్‌లో గడ్డి మీద పోశాం.

ఆ కాగితం తెచ్చాను. ఇదిగో. మడతలు పడి, టీ మరకలు కూడా ఉన్నాయి. మార్లా వాక్యం పక్కన ఉన్న ఎర్ర గీత నాది కాదు, మా అమ్మాయి గీసింది. ముందు వరుస నుంచి ఇస్తున్నాను, చూసి వెనక్కి పంపండి. పిల్లలు చివర్లో కూర్చున్నారు, వాళ్ల దాకా రానివ్వండి. ఈలోగా ఎవరైనా అడగాలనుకుంటే అడగండి.